పాత ల్యాప్‌టాప్ అసలు వేగం ఎంత?



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ పని చేసేవాళ్ళు, ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదువుకునే పిల్లలు, సెకండ్‌హ్యాండ్‌లో ల్యాప్‌టాప్ కొందామని చూస్తున్నవాళ్ళు... ఈవేళ నేను చెప్పేది ముఖ్యంగా మీకోసం. విషయం చిన్నది. ఒక పాత ల్యాప్‌టాప్ మీ చేతికొచ్చింది. దాని ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో ఎవరైనా నడిపిస్తున్నారా? దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. అలా చేశారో లేదో ఎలా కనిపెట్టాలి?

పదిహేను ఇరవై ఏళ్ళనాటి ల్యాప్‌టాప్‌తో ఇప్పుడు ఎవరికేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. మన పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. దశాబ్దాలుగా ఒక్కొక్క షెడ్డూ లేస్తూ వచ్చింది. కొత్త యంత్రాల పక్కనే పాత యంత్రాలూ నడుస్తుంటాయి. పాత యంత్రం ప్యానెల్ తలుపు తీస్తే లోపల పీఎల్‌సీ ఉంటుంది. మోటారు ఎప్పుడు తిరగాలి, వాల్వు ఎప్పుడు మూయాలి అన్నది అదే చెబుతుంది. ఆ పాత పీఎల్‌సీతో మాట్లాడాలంటే సీరియల్ పోర్టు కావాలి. తొమ్మిది పిన్నుల పోర్టు. కొత్త ల్యాప్‌టాప్‌లో అది సాధారణంగా ఉండదు. ఆ పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ కూడా విండోస్ ఎక్స్‌పీ మీదనో, ఇంకా పాతదైతే డాస్ మీదనో నడుస్తుంది. అందుకే చాలా ప్లాంట్లలో మెయింటెనెన్స్ బీరువాలో ఒక పాత ల్యాప్‌టాప్‌ను జాగ్రత్తగా దాచుకుంటారు. అది పాడైతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పరుగెత్తి, అలాంటిదే ఇంకోటి వెతుక్కోవాలి.

అక్కడే ఈ ప్రశ్న ఎదురవుతుంది. అమ్మేవాళ్ళు తెర మీద అంకె చూపించి, "అన్నా, రాసింది 1.6 గానీ, ఉరికేది 2.13. మస్తు ఫాస్ట్" అంటే, మనం సంతోషించాలా, అనుమానించాలా?

అనుమానించాలి. ఎందుకో చెబుతాను.

ముందు వేగం ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం. మదర్‌బోర్డు మీద ఒక చిన్న క్లాక్ చిప్ ఉంటుంది. అది సమానమైన ఎడంతో లయ కొడుతూ ఉంటుంది. బోనాల ఊరేగింపులో డప్పు మీద దెబ్బ పడుతూ ఉంటుంది కదా, అట్లా అనుకోండి. ఆ ఒక్కో దెబ్బకు ప్రాసెసర్ కొన్ని అడుగులు వేస్తుంది, ఉదాహరణకు పదహారు. డప్పు దెబ్బ వేగాన్ని బస్ స్పీడ్ అంటారు. దెబ్బకు ఎన్ని అడుగులు అన్నది మల్టిప్లయర్. రెండింటినీ గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. సెకనుకు పది కోట్ల దెబ్బలు, అంటే 100 మెగాహెర్ట్జ్. దెబ్బకు 16 అడుగులు. పదహారు వందలు. అంటే 1.6 గిగాహెర్ట్జ్. 2004 నాటి పెంటియం-ఎం చిప్‌లలో ఒకదాని లెక్క సరిగ్గా ఇదే.

మళ్ళీ చెబుతున్నాను. బస్ స్పీడ్‌ను మల్టిప్లయర్‌తో గుణిస్తే వేగం. ఈ ఒక్క గుణకారం గుర్తుంటే ఈ ప్రసంగం అంతా అర్థమైపోతుంది.

ఇప్పుడు వేగం పెంచాలంటే రెండే దారులు. మల్టిప్లయర్ పెంచాలి, లేదా బస్ స్పీడ్ పెంచాలి. 1990లలో చిప్ మీది ముద్రను గీకేసి, ఎక్కువ వేగం ముద్ర వేసి అమ్మే మోసం ప్రపంచమంతటా నడిచింది. దాంతో ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి ఇంటెల్ తన ప్రాసెసర్ల మల్టిప్లయర్‌కు తాళం వేసేసింది. కొన్ని ఖరీదైన ఎక్స్‌ట్రీమ్ రకాలు తప్ప, ఈ పాత ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో మల్టిప్లయర్‌ను పైకి కదిలించడం కుదరదు. కాబట్టి మిగిలింది ఒకటే దారి. బస్ స్పీడ్. ఓవర్‌క్లాక్ చేసినవాళ్ళు పట్టుబడేది కూడా అక్కడే.

దీన్ని కనిపెట్టడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, చిప్ పుట్టు వేగం ఎంత? రెండు, ఇప్పుడు నడుస్తున్న వేగం ఎంత? మూడు, ఆ వేగాన్ని అది తట్టుకుంటోందా? పుట్టు వేగం, నడుస్తున్న వేగం, తట్టుకునే శక్తి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, పుట్టు వేగం. పెంటియం-ఎం, కోర్ డుయో, కోర్ 2 డుయో లాంటి ఇంటెల్ చిప్‌లలో ప్రాసెసర్ పేరు చిప్ లోపలే ఉంటుంది. ఆ పేరు చివర వేగం కూడా ఉంటుంది. 1.60 గిగాహెర్ట్జ్ అనో, 2.00 గిగాహెర్ట్జ్ అనో. ఓవర్‌క్లాక్ చేసినా ఆ పేరు మారదు. విండోస్ ఎక్స్‌పీలో మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది, పేరులోనే ఒక వేగం. దాని కింద ఇంకో వేగం, అది కొలిచిన వేగం. పేరులో 1.60 ఉండి, కింద 2.13 అని ఉంటే, అక్కడ ఆగండి. ఆ యంత్రం మీకేదో చెబుతోంది.

రెండు జాగ్రత్తలు. పెంటియం-2 కాలం నాటి చిప్‌లలో ఇలా వేగంతో కూడిన పేరు ఉండదు. ఏఎండీ చిప్‌లలో ఆ పేరును బయాస్, అంటే మదర్‌బోర్డు మీద ఉండే మొదటి ప్రోగ్రాం, రాసే ఏర్పాటు ఉంది, కాబట్టి పూర్తిగా నమ్మలేం. అలాంటప్పుడు చిప్ మీది ముద్రనే చూడాలి. ఇంటెల్ చిప్‌ల మీద ఎస్‌తో మొదలయ్యే ఐదు అక్షరాల కోడ్ ఉంటుంది. ఎస్-స్పెక్ అంటారు. ఆ ఐదు అక్షరాలను ఇంటర్నెట్‌లో వెతికితే ఆ చిప్‌కు ఇంటెల్ ఇచ్చిన వేగం, బస్, వోల్టేజీ అన్నీ దొరుకుతాయి. ల్యాప్‌టాప్ మూత మీది స్టిక్కర్‌ను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. స్టిక్కర్ ఎవరైనా అంటిస్తారు. పైగా మధ్యలో ఎవరో నిజాయితీగానే ఇంకా మంచి ప్రాసెసర్ మార్చి ఉండవచ్చు. అది తప్పేం కాదు, ఓవర్‌క్లాకింగ్ కూడా కాదు.

ఇక రెండో ప్రశ్న. ఇప్పుడు ఏ వేగంతో నడుస్తోంది?

ఇక్కడ చాలామంది పొరబడతారు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో నడవదు. 2000 జనవరిలో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ అనే పద్ధతి తెచ్చింది. పని లేనప్పుడు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగం తగ్గించి కరెంటు పొదుపు చేస్తుంది. అందుకే ఒక పెంటియం-ఎం చూడగానే 600 మెగాహెర్ట్జ్ చూపించవచ్చు. అది చిప్ లోపం కాదు. ఖాళీగా ఉందంతే. మీరు చూడాల్సింది పూర్తి పని మీద ఉన్నప్పటి వేగం. కాబట్టి ముందు ఛార్జర్ పెట్టండి. ఎక్స్‌పీలో అయితే పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి హోం ఆఫీస్ డెస్క్ అన్నది ఎంచుకోండి. తర్వాత సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరవండి. ఎక్స్‌పీ మీద కూడా నడుస్తుంది.

సీపీయూ-జెడ్ తెర మీద బోలెడు అంకెలుంటాయి. కంగారు పడకండి. మనకు కావలసినవి మూడే. కోర్ స్పీడ్, మల్టిప్లయర్, బస్ స్పీడ్. మన గుణకారం ఇక్కడ కళ్ళ ముందే కనిపిస్తుంది. ఇందాక చెప్పిన చిప్‌నే తీసుకుందాం. మల్టిప్లయర్ 16, బస్ స్పీడ్ 100 దగ్గర ఉంటే కోర్ స్పీడ్ 1600. అంతా సవ్యంగా ఉంది. మల్టిప్లయర్ అదే 16 ఉండి, బస్ స్పీడ్ 133 ఉంటే? కోర్ స్పీడ్ దాదాపు 2130 అవుతుంది. సీటీసీలో అమ్మే అతను చెప్పిన 2.13 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. అడుగులు మారలేదు, డప్పు వేగం పెరిగింది. అదే ఓవర్‌క్లాకింగ్.

బస్ స్పీడ్ 99.8 అనో, 100.2 అనో చూపిస్తే కంగారు అక్కర్లేదు. ఆ కొద్దిపాటి తేడా మామూలే. ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మేవాళ్ళు 400 బస్ అంటారు, తెర మీద 100 కనిపిస్తుంది. రెండూ ఒకటే. ఆ కాలపు ఇంటెల్ చిప్‌లు ఒక్కో దెబ్బకు నాలుగుసార్లు డేటా పంపుతాయి కాబట్టి నూరును నాలుగొందలని చెప్పుకున్నారు. అలాగే 133ను 533 అన్నారు.

మరో మాట. వేగం పేరులో ఉన్నదానికంటే ఎక్కువ కనిపించిన ప్రతిసారీ ఓవర్‌క్లాకింగ్ అనుకోకండి. 2007 నాటి కొన్ని కోర్ 2 డుయో ల్యాప్‌టాప్‌లలో, ఒక కోర్ ఖాళీగా ఉంటే రెండో కోర్ తనంతట తానే ఒక మెట్టు పైకి వెళ్తుంది. ఆ తర్వాత వచ్చిన కోర్ ఐ7 లాంటి వాటిలో టర్బో బూస్ట్ అదే పని ఇంకా గట్టిగా చేస్తుంది. ఇవి కంపెనీ ఇచ్చిన ఏర్పాట్లే. వీటిలో మల్టిప్లయర్ పెరుగుతుంది. బస్ స్పీడ్ కదలదు. ఇది రాసుకోండి: మల్టిప్లయర్ పెరిగితే సాధారణంగా అది కంపెనీ ఏర్పాటు. బస్ స్పీడ్ పెరిగితే అది మనిషి చేసిన పని.

ఆ మనిషి ఎలా చేశాడన్నది కూడా తెలుసుకోవాలి. ఒక పద్ధతి సాఫ్ట్‌వేర్. సెట్‌ఎఫ్‌ఎస్‌బి లాంటి ప్రోగ్రాం క్లాక్ చిప్‌కే ఆజ్ఞ ఇచ్చి వేగం పెంచుతుంది. పవర్ ఆపి మళ్ళీ పెడితే ఆ మార్పు పోతుంది. అందుకే విండోస్‌తో పాటు మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాలో అలాంటిదేమైనా ఉందేమో చూడండి. లైనక్స్ సీడీతో బూట్ చేసి చూస్తే ఇంకా మంచిది. విండోస్‌లో పెట్టిన మాయ అక్కడ పనిచేయదు.

రెండో పద్ధతి చేత్తో చేసేది. ఇది మిషన్ విప్పితేనే కనిపిస్తుంది. పెంటియం-ఎం చిప్‌కు అడుగున పిన్నులుంటాయి. బస్ ఎంత ఉండాలో కొన్ని పిన్నులు మదర్‌బోర్డుకు చెబుతాయి. సాకెట్ రంధ్రాల్లో రెండింటి మధ్య చిన్న రాగి తీగను వంచి పెడితే, 400 బస్ చిప్ తాను 533 బస్ చిప్‌నని చెప్పుకుంటుంది. అప్పట్లో దీన్ని పిన్ మాడ్ అనేవారు. మీరు మిషన్ విప్పినప్పుడు ఇలా చూడండి. కీబోర్డు తీసి, హీట్‌సింక్ స్క్రూలు ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా వదులు చేసి పైకెత్తండి. సాకెట్ పక్కనున్న స్క్రూ తిప్పితే చిప్ వదులవుతుంది. నిటారుగా పైకి తీయండి. వంకరగా లాగితే పిన్ను వంగుతుంది. ఇప్పుడు టార్చ్ లైటును ఏటవాలుగా పట్టి సాకెట్‌లోకి చూడండి. రంధ్రాలన్నీ నల్లగా ఒక్కలాగే కనిపించాలి. ఎక్కడైనా రెండింటి మధ్య లోహం తళుక్కుమంటే అదే ఆ తీగ. తర్వాత చిప్‌ను తిప్పి అడుగు చూడండి. పిన్నుల మధ్య వెండి రంగు పూత మచ్చ కనిపిస్తే, తీగకు బదులు కరెంటు ప్రసరించే పెయింట్ వాడారన్నమాట.

స్క్రూ తలలు అరిగి ఉండటం, థర్మల్ పేస్ట్ కొత్తగా ఉండటం మాత్రం రుజువులు కావు. ఫ్యాన్ దుమ్ము శుభ్రం చేసిన మెకానిక్ కూడా అవి విప్పుతాడు. అనుమానానికి పనికొస్తాయి గానీ, తీర్పుకు పనికిరావు.

ఇప్పుడు అసలు కీలకమైన మాట. ఇప్పుడు ఓవర్‌క్లాక్ అయి ఉంటే పట్టుకోగలం. కానీ ఒకప్పుడు చేసి, అమ్మే ముందు మామూలు వేగానికి తెచ్చేస్తే? చిప్ లోపల ఆ చరిత్ర ఎక్కడా రాసి ఉండదు. ఏ ప్రోగ్రామూ దాన్ని చదివి చెప్పలేదు. ఎవరైనా చదవగలమంటే నమ్మకండి. చిప్‌కు పుట్టుక గుర్తుంటుంది. గతం గుర్తుండదు.

అందుకే మూడో ప్రశ్న. తట్టుకుంటోందా?

ఎక్కువ వేగం అంటే ఎక్కువ వేడి. దానికి తోడు వోల్టేజీ పెంచితే వేడి ఇంకా వేగంగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అలా నడిస్తే చిప్ లోపలి సన్నటి లోహపు దారులు అరిగిపోతాయి. అరుగుదల కంటికి కనబడదు. లెక్క తప్పినప్పుడే బయటపడుతుంది. కాబట్టి లెక్క చేయించి చూడాలి.

మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రాంను సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టి, ల్యాప్‌టాప్‌ను దానితోనే బూట్ చేయండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున తెర మీద ఎర్ర వరుస ఒక్కటి కనిపించినా ఆ యంత్రాన్ని నమ్మొద్దు. తప్పు ర్యామ్‌దా, చిప్‌దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఆ తర్వాత ప్రైమ్95. ఇది జవాబు ముందే తెలిసిన పెద్ద పెద్ద లెక్కలు చేయిస్తుంది. జవాబు తేడా వస్తే అక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. ఆ సమయంలో ఉష్ణోగ్రత కూడా గమనించండి. ఈ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఆ దాకా వెళ్తోందంటే ముందు ఫ్యాన్, దుమ్ము, పేస్ట్ చూడాలి. మన ఎండాకాలంలో, ఏసీ లేని షెడ్డులో పరీక్షిస్తే ఇంకా మంచిది. ఆ యంత్రం పనిచేయాల్సింది అక్కడే కదా.

కొంచెం వేగం ఎక్కువైతే ఏమవుతుంది, ఆటలాడే పిల్లలు అందరూ చేసేదే కదా అని అడగవచ్చు. నిజమే. 1998లో సెలెరాన్ 300ఏ అనే డెస్క్‌టాప్ చిప్‌ను 450 మెగాహెర్ట్జ్‌కు తీసుకెళ్ళి ప్రపంచమంతా మురిసిపోయింది. తన ఇంట్లో, తన యంత్రం మీద, తెలిసి చేసుకునే ప్రయోగం అది. దాన్ని నేను తప్పుపట్టను. పిల్లలకు అదొక చదువు కూడా.

ఫ్యాక్టరీ ల్యాప్‌టాప్ విషయం వేరు. పీఎల్‌సీలోకి ప్రోగ్రాం పంపేటప్పుడు దారిలో తప్పు జరిగిందేమో చూసుకోవడానికి చెక్‌సమ్ అనే సరిచూపు ఉంటుంది. కానీ తప్పు ల్యాప్‌టాప్ లోపలే, చెక్‌సమ్ లెక్కించక ముందే జరిగితే? తప్పు ప్రోగ్రాంకు తప్పులేదన్న ముద్ర పడి వెళ్తుంది. అవతల యంత్రం దాన్ని నమ్ముతుంది. ఆ యంత్రం పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఒక టైమర్ విలువ మారినా, ఒక వాల్వు తెరుచుకోవాల్సిన క్షణం మారినా, దాని ఫలితం ఆ మనిషి మీద పడుతుంది. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇందుకే.

పాత సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ వేగం మేలు చేయదని చరిత్ర కూడా చెప్పింది. టర్బో పాస్కల్‌లో రాసిన ఎన్నో డాస్ ప్రోగ్రాములు, 200 మెగాహెర్ట్జ్ దాటిన కంప్యూటర్ల మీద తెరుచుకోగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చూపించి ఆగిపోయేవి. సమయాన్ని కొలవడానికి పెట్టుకున్న లెక్క ఆ వేగానికి పొంగిపోయేది. యంత్రం బాగుంది, ప్రోగ్రాం బాగుంది. వేగమే కుదరలేదు.

మరి ఓవర్‌క్లాక్ అయినట్టు తేలితే పారేయాలా? అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అయితే తీసేయండి. తీగ అయితే తీసేయండి. బయాస్‌లో మార్చి ఉంటే డీఫాల్ట్ సెట్టింగులకు తీసుకురండి. పుట్టు వేగంలో మళ్ళీ మెమ్‌టెస్ట్, మళ్ళీ ప్రైమ్95. రెండూ నెగ్గితే నిక్షేపంగా వాడుకోండి. నెగ్గకపోతే దాన్ని చెత్తకుప్పలో వేయకండి, రోడ్డు పక్కన కాల్చేవాళ్ళకు ఇవ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లర్ల వంటి నమోదైన సంస్థలకే ఇవ్వాలంటున్నాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలతో మన నక్కవాగు నీళ్ళు ఏమయ్యాయో చూసిన మనకు, ఆ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

చివరగా, మూడు ప్రశ్నలు మరోసారి. పుట్టు వేగం ఎంత? చిప్ పేరులో, ముద్రలో చూడాలి. నడుస్తున్న వేగం ఎంత? ఛార్జర్ పెట్టి, పని ఇచ్చి, బస్ స్పీడ్ చూడాలి. తట్టుకుంటోందా? రాత్రంతా పరీక్షించి చూడాలి.

ఈ వారంలోనే మీ బీరువాలోని ల్యాప్‌టాప్ తీయండి. ప్రాసెసర్ పేరు, మల్టిప్లయర్, బస్ స్పీడ్, పని మీద ఉన్నప్పటి ఉష్ణోగ్రత, పరీక్షించిన తేదీ... ఒక చిన్న కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ అడుగున అంటించండి. రాత్రి షిఫ్టులో లైన్ ఆగిపోయి, ఎవరో కొత్త కుర్రాడు దాన్ని హడావిడిగా ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఆ యంత్రాన్ని నమ్మవచ్చో లేదో అతను ఎవరినీ అడగనక్కర్లేకుండా ఆ కాగితమే చెప్పాలి. అది రాయాల్సింది మీరే.